దవడ పెట్టే చెయ్యి

(వడ్రంగి షెడ్డు. గోడకి ఆనించిన సగం బిగించిన తలుపులు. వడ్రంగి, అతని భార్య, ఆమె చెల్లెలు.)

"అడిగిన దానికి జవాబు చెప్పండి. దీనికి దవడ పెట్టడం నేర్పుతారా, నేర్పరా?"

"చిత్రిక పడుతున్నాను, కనపడట్లేదా?"

"కనపడుతోంది. పొద్దున్నుంచీ ఆ ఒక్క చెక్కే పడుతున్నారు. ఇంకాసేపుంటే చెక్క పోయి పొట్టు మిగులుతుంది."

"అక్కా, మెల్లిగా మాట్లాడు. నోరు అంత పెద్దగా తెరవొద్దన్నారు కదా డాక్టర్లు."

"నువ్వూరుకో. నాతో కాదు, మీ బావతో మాట్లాడు. నేర్చుకోవడానికి వచ్చింది నువ్వు."

"బావా, నేర్పండి. అక్క ఇవాళ్టి నుంచి నా దగ్గరే ఉంటుంది. దవడ జారితే పెట్టాల్సింది నేనే కదా."

"ఎందుకు జారుతుంది? ఇంట్లో కూర్చుంటే జారదు. బస్టాండులో మైకు పట్టుకుని ఊళ్ళ పేర్లన్నీ అరిస్తే జారుతుంది."

"మైకులో ఎవరూ అరవరండీ. అరవక్కర్లేకుండానే మైకు పెట్టారు."

"ఏదో ఒకటి. మీ చెల్లి ఉండే అంత పెద్ద ఊళ్ళో ఆసుపత్రి లేదా? వెళ్ళి పెట్టించుకో."

"కిందటిసారి మీరు ఊళ్ళో లేనప్పుడు ఇక్కడి ఆసుపత్రికి వెళ్ళానుగా. చీటీ రాయించుకుని వరసలో కూర్చోమన్నారు. నోరు తెరుచుకుని, ఒళ్ళో తువ్వాలేసుకుని కూర్చున్నాను. పక్కనున్న పసిపిల్ల నన్ను చూసి గుక్కపట్టింది. చీటీ ఆవిడేమో పేరేంటి, పేరేంటి అని విసుక్కుంటోంది. ఎలా చెప్పను పేరు?"

"నేనూ అదే అంటున్నాను. ఇంట్లో మనిషిని నేనుండగా ఆ పాట్లన్నీ ఎందుకు? ఇన్నేళ్ళూ ఎవరు పెట్టారు?"

"మీరే పెట్టారు. కాదన్నానా? పెట్టినన్నాళ్ళూ బాగానే పెట్టారు. పెట్టకుండా కూర్చున్నారు చూడండి ఆ రోజు, దాని సంగతి మాట్లాడదాం."

"మళ్ళీ మొదలెట్టావా."

"ఏ రోజక్కా?"

"నీకు చెప్పలేదు. సిగ్గేసి చెప్పలేదు. మీ బావ మా మేనేజరుకి ఫోన్ చేసి, మా ఆవిడ ఇక పనిలోకి రాదు అని చెప్పేశారు. నాకు తెలీదు. పొద్దున వెళ్తే నా కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని, నా మైకులో నా బస్సులు చెప్తోంది. ఇంటికొచ్చి గట్టిగా అడిగాను. అడుగుతుండగానే టక్కుమని జారింది."

"జారదా మరి? ఆ గొంతుకి తలుపు బందులే ఊడి పడతాయి."

"జారితే మనిషన్నవాడు లేచి వచ్చి పెట్టాలా వద్దా? ఈయన కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. నీ మంచికే చేశాను, నీ ఆరోగ్యం కోసమే చేశాను, నోటితో చేసే ఉద్యోగం నీకు పనికిరాదు. అలా మొదలెట్టి అన్నీ వరసగా చెప్పుకొచ్చారు. చొంగ కారి జాకెట్టంతా తడిసింది. నొప్పి చెవుల్లోంచి తలలోకి ఎక్కుతోంది. ఆయన మాత్రం చెప్పడం ఆపలేదు."

"బావా, నిజమేనా?"

"నాలుగు మాటలు చెప్పాను. మామూలప్పుడు చెప్పనిస్తుందా మీ అక్క? నేను ఒకటంటే తను పదంటుంది. ఆ ఒక్కసారే కుదురుగా వింది."

"వినలేదు. నోరు మూతపడక కూర్చున్నాను."

"తర్వాత పెట్టానా లేదా?"

"పెట్టారు. పెట్టి, అయితే ఒప్పుకున్నట్టేగా అన్నారు."

"నీ మొహం తుడిచాను. పాలు కాచి, చల్లార్చి ఇచ్చాను. అది చెప్పవేం మీ చెల్లికి?"

"చెప్తాను. పాలు బాగున్నాయి. ఇప్పుడు నేర్పండి."

"బావా, గొడవలు మీరూ మీరూ తర్వాత చూసుకోండి. మా బస్సుకి ఎంతోసేపు లేదు."

"సరే. సరేనమ్మా. ఇలా రా. ఈ తలుపు తెరువు. చూశావా, బందు ఉన్నచోటే తిరుగుతుంది, ఎక్కడికీ పోదు. ఇప్పుడీ బల్ల సొరుగు లాగు."

"లాగాను."

"ముందుకి జరిగింది కదా. దవడ కీలంటే ఈ రెండూ కలిపి. నోరు కొంచెం తెరిస్తే బందులా తిరుగుతుంది. ఇంకా తెరిస్తే సొరుగులా ముందుకి జరుగుతుంది. చెవి ముందు వేలు పెట్టుకుని నోరు తెరిచి మూయి."

"ఆ, కదులుతోంది. నాది కూడా ఒక పక్క కటుక్కుమంటోంది బావా. ఏమైనా అవుతుందా?"

"కీలు మధ్యలో మెత్తటి బిళ్ళ ఉంటుందట, ఎముకా ఎముకా ఒరుసుకోకుండా. అది కాస్త పక్కకి తప్పుకుని మళ్ళీ చోట్లోకి వస్తే అలా అంటుంది. నొప్పి లేకపోతే దాని జోలికి పోకు. మీ అక్క సంగతి వేరు. కీలుని పట్టి ఉంచే కట్లే వదులైపోయాయి."

"వదులైతే?"

"కీలుకి ముందు చిన్న మిట్ట ఉంటుంది. మామూలుగా ఎముక అక్కడిదాకా వెళ్ళి వెనక్కొచ్చేస్తుంది. మీ అక్కది మిట్ట దాటేసి అవతల కూర్చుంటుంది. రాదిక. నోరు మూతపడదు, గడ్డం ముందుకొస్తుంది, చెవి ముందు గుంట పడుతుంది. ఆ గుంటే గుర్తు."

"అప్పుడేం చేయాలి?"

"రెండు బొటనవేళ్ళకీ గుడ్డ చుట్టుకో. కింది పళ్ళ మీద పెట్టి వెనక్కి తోయ్. అంతే."

"అంతేనా?"

"అంతే. కాకపోతే వేళ్ళలో బలం ఉండాలి."

"బేకరీలో రోజంతా పిండి పిసుకుతాను బావా. బలం గురించి మీరు బెంగపడకండి."

"అంతే కాదు."

"ఏంటి అంతే కాదు? నీకేం తెలుసు? నీ దవడ నువ్వెప్పుడైనా పెట్టుకున్నావా?"

"పెట్టించుకున్నాను. వెనక్కి తోసేముందు మీ వేళ్ళు ఇంకేదో చేస్తాయి. ఆ నొప్పిలో కళ్ళు తిరిగి ఏంటన్నది నాకు తెలీదు. ఏదో చేస్తాయని మాత్రం తెలుసు. అది చెప్పండి."

"అది నా చేతి ఒడుపు. మాటల్లో చెప్పేది కాదు."

"తలుపూ సొరుగూ అన్నీ మాటల్లోనే చెప్పారుగా ఇప్పటిదాకా."

"వెనక్కి తోయడమే, ఇంకేం లేదు. ఏమ్మా, నువ్వు చెప్పు. చేయగలనని ధైర్యం ఉందా నీకు?"

"భయంగానే ఉంది బావా."

"అదీ. భయపడేవాళ్ళు ఇలాంటి పని చేయకూడదు. ఆ మాటే మీ అక్కకి చెప్పు. బుద్ధిగా ఇక్కడే ఉండమను."

"అదన్నమాట సంగతి."

"ఏది?"

"నేర్పినట్టు నేర్పాలి. అక్కడ నాకు జారినప్పుడు ఇది తోసి తోసి ఏడుస్తూ కూర్చోవాలి. నేను మూతికి తువ్వాలు కట్టుకుని, బస్సెక్కి, తిరిగి మీ గుమ్మంలో నిలబడాలి. అంతేగా? మీకు పెళ్ళాం అక్కర్లేదండీ. నా నోరు ఎప్పుడు మూయాలో, ఎప్పుడు మూయకూడదో మీ చేతిలో ఉండాలి, అది చాలు మీకు. నా ఉద్యోగం ఊడగొట్టారు. నా కుర్చీలో ఇంకొకళ్ళని కూర్చోబెట్టారు. ఇప్పుడు నా తోడబుట్టిన దానికి కూడా సగం సగం చెప్పి పంపిస్తే, నేను అంత తెలివితక్కువ… ఆఁ… ఆఁ…"

"అక్కా. అక్కా, ఏమైంది?"

"ఏమవుతుంది, జారింది. చెప్పానా లేదా? నోరు చేసుకుంటే ఇంతే. జరుగమ్మా, నేను పెడతాను."

"ఊఁహూఁ. ఊఁహూఁ."

"ఏంటది, చెయ్యి తోసేస్తావు?"

"మిమ్మల్ని ముట్టుకోవద్దంటోంది బావా. నన్ను చూపిస్తోంది. నన్నే పెట్టమంటోంది."

"నీవల్ల కాదు."

"ఆఁ. ఆఁ."

"అయితే అలాగే ఉండమను. నాకు బోలెడు పనుంది."

"మళ్ళీ ఆ చిత్రిక ఎందుకు పట్టుకున్నారు? తువ్వాలు మూతికి అడ్డం పెట్టుకుంది, చొంగ కారుతోంది చూడండి."

"చూడనిస్తేగా. తువ్వాలు తీసి మొహం ఇటు తిప్పమను."

"తిప్పదట. సరే, మీరు పెట్టకపోతే మానేయండి. గుడ్డ చుట్టుకున్నాను. మీరు చెప్పినట్టే వెనక్కి తోస్తాను. అక్కా, కదలకు."

"ఆగు."

"నోరు ఇటు పెట్టక్కా. తోస్తున్నాను."

"ఆగమన్నానా? తియ్యి. చేతులు తీసెయ్ ముందు. అలా తోయకూడదు."

"మీరేగా చెప్పారు."

"ఎముక విరుగుతుంది, పిచ్చిదానా."

"ఏమన్నారు?"

"బల్ల మీద వద్దు, నేల మీద కూర్చోబెట్టు. తల గోడకి ఆనించు. నువ్వు ఎదురుగా మోకాళ్ళ మీద నిలబడు. నేనొచ్చి చూపిస్తాను."

"మీరు రావద్దని చెయ్యి ఊపుతోంది. అక్కణ్ణించే చెప్పండి."

"మొండిఘటం. నువ్వు అడ్డమున్నావు, నాకేమీ కనపడట్లేదు. చెవి ముందు వేలు పెట్టి చూడు. గుంట పడిందా?"

"అదీ… ఆ, పడింది బావా."

"రెండు వైపులా?"

"రెండు వైపులా."

"బొటనవేళ్ళు చివరి పళ్ళ మీద పెట్టు. ఇంకా లోపలికి. మిగతా వేళ్ళతో గడ్డం కింద పట్టుకో. ఇప్పుడు కిందికి. ముందు కిందికి నొక్కాలి."

"కిందికా? ఇందాక ఆ మాటే అనలేదే."

"ఇప్పుడంటున్నాగా. దవడ కండలు బిగుసుకుని ఎముకని పైకి లాగి పట్టుకుంటాయి. మెల్లిగా, ఆపకుండా నొక్కుతూ ఉంటే అవి అలిసిపోయి వదులుతాయి. ఎముక మిట్ట కిందికి దిగాలి, దిగాకే వెనక్కి. దిగకుండా తోస్తే పోయి మిట్టకి కొట్టుకుంటుంది."

"కొట్టుకుంటే విరుగుతుంది. ఆ సంగతి మీకు ఇందాక కూడా తెలుసు కదా బావా."

"బస్సెక్కేలోపు చెప్దామనే అనుకున్నాను. ముందు పని చూడు."

"దిగిందని ఎలా తెలుస్తుంది?"

"వేళ్ళకే తెలుస్తుంది. ఉన్నట్టుండి వదులవుతుంది. అవగానే వెనక్కి నెట్టి వేళ్ళు బుగ్గల వైపు తీసెయ్. తీయకపోతే నలిగిపోతాయి. తను కావాలని కొరకదు, దవడే దానంతటది మూసుకుంటుంది."

"తర్వాత?"

"గడ్డం కింద చెయ్యి ఆనించి కాసేపు పట్టుకో. కొన్నాళ్ళు మెత్తటివే పెట్టు. ఆవలింతొస్తే గడ్డం కింద పిడికిలి పెట్టుకోమను, తను మర్చిపోతుంది, నువ్వే గుర్తుచేయాలి. నేనైతే ఆవలింత మొదలవుతుండగానే పట్టుకునేవాణ్ణి."

"ఇంకేమైనా ఉందా బావా? ఏదైనా దాచుకున్నారా ఇంకా?"

"లేదు. ఈసారి నిజంగా అంతే. నొక్కమ్మా, ఎంతసేపు ఏడిపిస్తావు దాన్ని?"

"నొక్కుతున్నాను. కిందికి… కిందికి… ఇప్పుడు వెనక్కి. మూతపడింది బావా."

"శబ్దం రాలేదే? నేను పెడితే టక్కుమని వీధిదాకా వినపడేది. సరిగ్గా కూర్చుందో లేదో, జరుగు, చూడనీ."

"చూడక్కర్లేదు. చెల్లీ, అన్నీ గుర్తున్నాయిగా?"

"గుర్తున్నాయక్కా. ముందు కిందికి."

"అప్పుడే మాట్లాడకే. గడ్డం పట్టుకుని కూర్చో. ఇప్పుడే పెట్టిన దవడ, మళ్ళీ జారుతుంది."

"బావా, ఏమీ అనుకోకండి. గుంట పడిందని మీతో అబద్ధం చెప్పాను."

"అబద్ధమా? గుంట పడకుండా దవడ ఎలా జారుతుంది?"

"నువ్వు సంచీ అందుకోవే, బస్సు టైమయింది. ఆ రోజు మీరు చెప్పాలనుకున్నదంతా అయ్యేదాకా నోరు తెరుచుకుని కూర్చున్నానండీ. ఇవాళా అలాగే కూర్చున్నాను. దవడ మాత్రం జారలేదు."