పరదేశి మరిచిపోయిన పిన్ను

ఏరా అల్లుడూ, చక్రం గుయ్‌మంటోందని కారు మీ వాకిట్లోనే వదిలేసి నడిచొచ్చేవా? మంచి పని చేసేవు. పరదేశి ఉండుంటే ఈపాటికి దాని కింద దూరిపోయుండును. నీకు గుర్తుండడులే, వాడు పోయేనాటికి రెండేళ్ళవాడివి. మా పక్క వాటాలో ఉండేవాడు, విజయనగరం వైపు మనిషి, ఉర్లా ఫ్యాక్టరీల్లో ఫిట్టరు. ఓ ఏడు హోలీనాడు మా బావమరిది సూరిబాబు పాత కారేసుకుని వచ్చేడు, తిల్దాలో వాళ్ళ కొత్తింటికి మీ అత్తయ్యనీ పిల్లలిద్దర్నీ తీసికెళ్ళడానికి. ముందు చక్రం ఇలాగే మూలుగుతోంది. బేరింగు కొని డిక్కీలో పడేసుకున్నాడు గానీ, హోలీ కదా, మిస్త్రీల దుకాణాలన్నీ బంద్. "రేపు వేయిస్తాన్లే" అన్నాడు. పరదేశి ఒప్పుకుంటేనా! "పిల్లలెక్కే బండి బాబూ, ఇటియ్యి" అని గోనెపట్ట పరిచేసేడు. వాడి దగ్గర సామాన్లేటి? ఒక పైపు ముక్క, పొడుగాటి బోల్టు, నాలుగు లావు వాషర్లు, అంతే. కొత్త బేరింగుని సుత్తితో కొట్టనే కొట్టడు. "దెబ్బ లోపల పడిపోద్ది, పైకి కనపడదు" అనీవాడు. బోల్టు బిగిస్తూ బిగిస్తూ వెంట్రుకవాసి చొప్పున లోపలికి దింపేడు. అబ్బ, ఏం ఓపికరా!

వాళ్ళు వెళ్ళిన అరగంటకి గోనెపట్ట దులుపుతుంటే ఠంగుమని ఏదో రాలింది. చూస్తే కొత్త పిన్ను. నట్టు ఊడిపోకుండా దాన్లోంచి దూర్చి కొసలు వంచుతారు చూడు, అదీ. ఇంకా వంకరైనా తిరగలేదు. అంటే పరదేశి దాన్ని వెయ్యనే లేదు. ఏటంటే... వాడు ఆ పిన్ను చేతిలోకి తీసుకున్నప్పుడే "టీ చల్లారిపోతోంది, రారా" అని రెక్క పట్టుకుని లాక్కెళ్ళింది నేనే. తిరిగొచ్చి పిన్ను మాట మరిచి చక్రం మూత బిగించేసేడు. ఇంక స్కూటరు తీసేం. రంగులు కొట్టే కుర్రాళ్ళు అడ్డమొచ్చినా ఆగలేదు. వంతెన వచ్చిందంటే మాత్రం పరదేశి బండి నెమ్మది చేసి కిందకి చూసీవాడు. నేను కళ్ళు మూసుకునీవాణ్ణి. ధర్సీవా ఊరు దాటేక రోడ్డు పక్కన కారు నిలబడుంది. చిన్నదానికి వాంతయిందని ఆపేరట. మూత తీస్తే, ఒరే, నట్టు ఉత్త వేళ్ళకే తిరిగిపోయింది! బిగించి పిన్ను దూర్చేడు, కొసలు మాత్రం నేను వంచేను. "ఏటయింది అన్నయ్యా?" అని మీ అత్తయ్య. "పిన్ను మరిచిపోనానమ్మా, తప్పు నాదే." నావైపైనా చూళ్ళేదు వాడు. ఆవిడ పిల్లల్ని దగ్గిరికి లాక్కుని ఎక్కనంటే ఎక్కనంది. "అయితే నేనూ వస్తానమ్మా" అని ముందు సీట్లో కూర్చున్నాడు. తిల్దా దాకా తల బయటపెట్టి ఆ చక్రాన్నే వింటూ వెళ్ళేడు.

తర్వాత వాడు బతికినన్నాళ్ళూ మీ అత్తయ్య దెప్పుతూనే ఉండేది, "పిన్ను అన్నయ్య వచ్చేడు" అని. వాడు నవ్వి ఊరుకునీవాడు. నేనూ నవ్వీవాణ్ణి. వాడు పోయిన రోజున, టీకి లాక్కెళ్ళింది నేనేనని చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఆవిడ అంతలా ఏడుస్తోంటే... ష్, మీ అత్తయ్య వస్తోంది. ఆఁ, అల్లుడూ, మందిర్ హసౌద్‌లో ఏదో స్థలం చూసేనన్నావు, ఏటయిందది?