కంటికి తెల్వద్దు

రుద్రారంలో యూనివర్సిటీకి ఎదురుగా ఉన్న గేమింగ్ సెంటర్. కంప్యూటర్ షూటింగ్ గేమ్ పోటీలో ఫైనల్ మ్యాచ్ మొదలవడానికి ఇంకా కాస్త టైముంది. కౌంటర్‌లో హరిచందన కూర్చుంది. మందుల కంపెనీలో షిఫ్ట్ దిగి సరాసరి వచ్చిన బాలరాజ్ ఆమె చెవి కొరుకుతున్నాడు.

“జెరంత, చందనా. జెరంతనే.”

“కుదరదన్నానా?”

“రాకేష్‌గాడు ఎట్ల ఆడుతడో నీకు ఎరికేనాయె. స్క్రీన్ అడ్డంగ సాగదీసి ఆడుతడు. ఎదుటోడు లావుగ కనవడుతడు, కొట్టుడు అల్కగ అయితది. ఆ సాగదీసింది జెర తగ్గించు. గంతే.”

“కూర్చోగానే పట్టేస్తాడు.”

“మొత్తం తీస్తే పడతడు. జెరంత తీస్తే కంటికి తెల్వదు, చేతికి తెలుస్తది. రోజూ అలవాటైన చెయ్యాయె, గురి పెట్టిన కాడికి పోదు. మనిషి ఈడ, బుల్లెట్ ఆడ. ఆట అయ్యేదాంక వాని చేతినే వాడు తిట్టుకుంటడు.”

“అంత పగేంటి నీకు?”

“పగ గాక? సంగారెడ్డి మ్యాచ్‌ల అందరి ముంగట మైకు పట్టుకొని ఏమన్నడు? ‘బాలరాజ్‌కు గోడను చూపెట్టినా గురి తప్పుతడు’ అన్నడు. మా షిఫ్టోళ్లు ఇప్పటికి నన్ను గోడ అనే పిలుస్తరు.”

“అయితే ఆడి గెలువు.”

“నేను గెలుస్తనో లేదో, వాడు మాత్రం గెల్వద్దు. ఈడ సిస్టమ్‌లు పెట్టేది నువ్వే. ఎవ్వనికి అనుమానం రాదు.”

“అంత నమ్మకంగా చెప్తున్నావు. ఎవరైనా చేసి చూశారా?”

“ఆఁ... అయితది. నాకెరికే.”

“నీకెలా తెలుసు?”

“అయితదంటే అయితది. నువ్వే కనిపెట్టలే, ఇగ వాడేం...”

“నేనా?”

“అంటే... నీ లెక్క ఆడేటోళ్లు గూడ అంటున్న.”

“నేనేం కనిపెట్టలేదు, బాలరాజ్?”

“ఏం లేదు. చాయ్ తాగుతవా? తెస్త.”

“కూర్చో. పటాన్‌చెరు మ్యాచ్. నాకు జ్వరం తగ్గి వచ్చిన రోజు. ఒక్కటంటే ఒక్కటి తగల్లేదు నాకు.”

“జ్వరంతోనే గద.”

“జ్వరమనే అనుకున్నా. మణికట్టుకు పట్టీ కట్టుకుని తిరిగా. అమ్మ రోజూ నూనె రాసి రుద్దేది. ‘చెయ్యి సహకరించకపోతే మానెయ్యమ్మా’ అన్నారు నాన్న. మానేశా. మన టీమ్‌లో నా సీట్లో నువ్వు కూర్చున్నావు.”

“ఇప్పుడు గదంత ఎందుకు...”

“నా స్క్రీన్ ముట్టుకున్నావా, లేదా?”

“జెరంతనే.”

“జెరంత!”

“ఆ మ్యాచ్ ఎట్లైనా గెలిచేటోళ్లమే! ఎప్పుడు జూడు, చందన, చందన. నేనొక్కనాడన్న ముంగట నిలవడొద్దా? నువ్వు ఆటనే ఇడిసిపెడతవని నాకేం తెల్సు?”

“ఆర్నెల్లు నా చెయ్యంటే నాకే అసహ్యమేసింది, బాలరాజ్. అన్నం కలుపుకుంటున్నా అదే గుర్తొచ్చేది.”

“తప్పయింది. కాళ్లు మొక్కుత. గని రాకేష్‌గాని సంగతి...”

“సరే.”

“సరే అంటే? చేస్తవా?”

“వాడి సీటేది?”

“నాలుగు. నాది ఎన్మిది.”

“ఎనిమిది. గుర్తుపెట్టుకుంటా.”

“నాదెందుకు గుర్తు?”

“ఊరికే. వెళ్లి మొహం కడుక్కుని రా. సిస్టమ్‌లన్నీ నేను పెడతాగా.”

“నవ్వుతున్నవేంది?”

“నవ్వకూడదా? వెళ్లు.”

ఫైనల్ అయిపోయింది. గెలిచిన రాకేష్ జట్టు రోడ్డు మీదికి పోయి కేకలు పెడుతోంది. బాలరాజ్ హెడ్‌సెట్ విసిరికొట్టి కౌంటర్ మీదికి వచ్చాడు.

“మార్చినవ్! నా స్క్రీన్ మార్చినవ్!”

“అరవకు. ఏమైంది?”

“ఏమైందా? మనిషి ఈడ, బుల్లెట్ ఆడ! మొదటి రౌండ్‌లనే సమజైంది నాకు. చెయ్యి ఎన్కకు గుంజి గుంజి కొట్టిన. అయినా తగల్లే!”

“ఎందుకు గుంజావు?”

“నువ్వు మార్చినంక నేను సరిజేసుకోవద్దా?”

“అంత అనుమానముంటే ఆట ఆపమని చెయ్యెత్తాల్సింది. సెట్టింగ్ చూసుకునేవాడివి.”

“ఎట్ల ఎత్తుత? ఎవలు మార్చిండ్రు, ఎందుకు మార్చిండ్రని లొల్లయితది. నువ్వు నోరు తెరిస్తే నా ముచ్చటంత బయటవడదా?”

“సిస్టమ్ ఆన్‌లోనే ఉంది. ఇప్పుడు పోయి చూసుకో.”

“చూస్త. అందరికి చూపిస్త! ఇగో, ఇక్కడ... ఇదేంది?”

“ఏంటి?”

“ఇది నాదే. నేను రోజు పెట్టుకునేదే. మల్ల ఎన్కకు పెట్టినవా?”

“నీ వెనకాల అంతమంది నిలబడి చూశారు. ఎప్పుడు పెడతాను?”

“మరి రాకేష్‌ది?”

“వాడు ఎలా ఆడతాడో అలాగే ఉంది.”

“మరి నాకెందుకు తగల్లే? చెప్పు చందనా, దండం పెడత. నువ్వేం జేసినవ్?”

“నేనేదీ ముట్టనే లేదు, బాలరాజ్. అది నీ చెయ్యే.”