ఏసమ్మ ఆగిపోయిన గీత

దీనమ్మక్కా, దవాఖాన ఉద్యోగుల సంఘం అధ్యక్షులు మొగిలయ్య గారూ, డ్యూటీ దిగి ఇంటికి కూడా పోకుండా నేరుగా ఇక్కడికి వచ్చిన సిస్టర్లూ, ఆయాలూ, వార్డు బాయ్‌లూ! మన ఏసమ్మ పోయి ఇవాళ్టికి పదకొండు రోజులు. ముప్పై ఒక్క ఏళ్ల మనిషిని పచ్చకామెర్లు తీసుకుపోయాయి. కుర్చీలు చాలక మీలో సగం మంది గోడల వెంబడి నిలబడ్డారు. దవాఖానలో పనిచేసే ఒక ఆయా కోసం ఇంతమంది వస్తారని నేను అనుకోలేదు.

నేను భాస్కర్‌ని. ఆడపిల్లల హైస్కూల్లో డ్రిల్ మాష్టారుని. నాకు మైకు అవసరం లేదని మీకు తెలుసు, కానీ ఇవాళ ప్రతి మాటా ఆ చివరి గోడ దాకా వినపడాలి, కాబట్టి దగ్గరగా పట్టుకుంటాను. ఏసమ్మకు పరుగు నేర్పింది నేను. మాట్లాడమని సంఘం వాళ్లు పిలిస్తే మొదట రానన్నాను. సమాధుల తోటలో అందరూ వెళ్లిపోయాక దీనమ్మక్క నన్ను ఆపి ఒకటే అడిగింది. "సారూ, మద్రాసుల నా బిడ్డకు నిజంగనే దమ్ము అయిపోయిందా?" దానికి జవాబు చెప్పడానికే ఇవాళ వచ్చాను.

వరంగల్లులో ఏసమ్మ పేరెత్తితే ఇప్పటికీ ఆ మాటే అంటారు కదా? సగం దారిలో చతికిలబడ్డ పిల్ల అని. ఆ మాట అబద్ధం. దాన్ని పుట్టించింది ఎవరో కాదు, నేనే.

వినండి. డెబ్భై ఆరులో మద్రాసులో పెద్ద పోటీలు జరిగాయి. నాలుగు వందల మీటర్ల పరుగు. మన గ్రౌండు ఎట్లుండేదో మీకు తెలుసు. ఏడాదికి ఒక్క బస్తా సున్నం ఇచ్చేవారు. దాంతో నేను గీసేది ఒకే ఒక్క గీత. బయల్దేరేదీ అక్కడే, చేరేదీ అక్కడే. చేరే చోట దారం కట్టే సోకులు మనకెక్కడివి? పదేళ్లు ఆ పిల్ల ఆ ఒక్క గీత కోసమే పరుగెత్తింది. గీత దాటితే పందెం అయిపోయినట్టే.

మద్రాసులో ఎన్ని గీతలు! చేరే గీతకు పది మీటర్ల ఇవతల ఇంకో గీత ఉంది, రిలే పందెం వాళ్ల కోసం. పోటీ ముందు రోజు పిల్లల్ని ట్రాక్ చుట్టూ నడిపించి, ఏ గీత దేనికో చూపించాలి. పెద్ద ఆటగాళ్లు ఎవరైనా, ఎన్ని పతకాలు గెలిచినవాళ్లైనా, కొత్త ఊళ్లో అడుగుపెట్టగానే చేసే మొదటి పని అదే. ఏసమ్మకు చూపించాల్సింది నేను. మరి ఆ సాయంత్రం నేనెక్కడ ఉన్నాను? సముద్రం చూడ్డానికి పోయాను. పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు మరి!

మర్నాడు హీట్స్, అంటే వడపోత పరుగులు, లేవు, నేరుగా ఫైనలే. ఆఖరి మలుపు తిరిగేసరికి ఏసమ్మ అందరికంటే ముందుంది. వెనక అమ్మాయికీ ఆమెకూ మధ్య నాలుగు బారల దూరం ఉంది. గీత కనబడింది. దాటింది. చేతులు రెండూ పైకెత్తి ఆగిపోయింది. నవ్వుతూ నా కోసం వెతికింది. ఆ నవ్వు ముఖం మీద ఉండగానే ముగ్గురు ఆమె పక్కనుంచి పోయారు.

అప్పుడు నేనేం చేశాను? నాదే తప్పన్నానా? అందరి ముందు ఆమె మీద అరిచాను. ఆటల ఆఫీసుకు పంపే రిపోర్టులో "దమ్ము చాలలేదు" అని రాశాను. గీత సంగతి రాస్తే, ముందు రోజు నువ్వెక్కడున్నావని నన్ను అడుగుతారు కదా! ఆ ఒక్క ముక్కతో తర్వాతి క్యాంపుకు ఆమెను పిలవలేదు. మళ్లీ ఎప్పుడూ పిలవలేదు. తిరుగు ప్రయాణంలో రైలు డోర్నకల్ దాటాక ఆమె అంది: "తప్పు నాదే సార్. గీత సూడంగనే అయిపోయిందనుకున్న. ఇగ మల్ల గట్లనుకోను." నేను కిటికీ బయటికి చూస్తూ కూర్చున్నాను.

ఈ దవాఖానలో ఆయాగా చేరాక ఆ మాట ఆమె ఎట్లా నిలబెట్టుకుందో నాకంటే మీకే బాగా తెలుసు. ఆటగాళ్లను చూసి బతుకు దిద్దుకోండని నేను స్కూల్లో గంటల కొద్దీ చెప్తాను. ఏసమ్మ ఎవరికీ ఏమీ చెప్పలేదు. డ్యూటీకి పావుగంట ముందే వచ్చి కాన్పుల వార్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా నడిచేది. నేల ఎక్కడ తడిగా ఉంది, ఏ మంచం మీదికి కొత్త మనిషి వచ్చింది, అన్నీ చూసుకునేది. నేను చూపించని ట్రాక్‌ను ఆమె రోజూ తనే చూసుకుంది!

తొర్రూరు నుంచి వచ్చిన చిలుకమ్మ అదిగో, మూడో వరసలో బిడ్డను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె కాన్పైన రోజు మధ్యాహ్నం రెండింటికి ఏసమ్మ డ్యూటీ అయిపోయింది. సంతకం చేసింది, సంచి భుజాన వేసుకుంది. అయినా అలవాటు ప్రకారం మంచాలన్నీ ఇంకొక్కసారి చూసి పోదామని వెనక్కి వచ్చింది. చిలుకమ్మ దుప్పటి ఎత్తితే కింద అంతా రక్తం. ఒక్క ఉరుకున పోయి డాక్టరమ్మను తీసుకొచ్చింది. చిలుకమ్మ ఇందాక నాతో అంది: "గామె సంచితోని మల్లొచ్చింది సారూ. రాకుంటే నా బిడ్డకు తల్లి లేకపోవు."

నాకు కూడా ఎనభై ఒకటిలో ఇదే దవాఖానలో ఆపరేషన్ అయింది. ఏసమ్మ తన అన్నం వేళ మానుకుని రోజూ వచ్చి నన్ను నడిపించేది. ఒకరోజు ధైర్యం తెచ్చుకుని ఆ రిపోర్టు మాట ఎత్తాను. "అది ఎప్పుడో సదివిన సార్. జర నడువుండ్రి. కిటికీ దాక కాదు, తలుపు దాక," అంది. చదివింది! చదివి కూడా నా చెయ్యి పట్టుకుని నడిపించింది! సిగ్గుతో నాకు ఏడుపొచ్చింది. కుట్లు నొస్తున్నాయేమోనని ఆమె కంగారు పడింది.

ఇంటికి పోగానే నిజం రాసి పంపుదామనుకున్నాను. రేపు, ఎల్లుండి అంటూ నాలుగేళ్లు గడిపాను. ఆమెకు ఒంట్లో బాగాలేదని తెలిసినప్పుడు కూడా, తగ్గాక చెప్దాంలే అనుకున్నాను. నిన్న రాశాను. ఆటల ఆఫీసుకు పంపిన ఉత్తరం నకలు ఇదిగో. దీనితో పతకం రాదు, పోయిన ఏళ్లు రావు. అయినా అక్కా, నువ్వడిగినదానికి జవాబు ఇందులో ఉంది. నీ బిడ్డ అలిసిపోలేదు. ఆ రోజు ఆ ట్రాక్ మీద ఆమెకంటే దమ్మున్న పిల్ల లేదు. తప్పు చేసింది నేను. ఈ మాట ఇక మీరందరూ బజార్లో చెప్పండి, బస్సులో చెప్పండి, నా పేరు పెట్టి మరీ చెప్పండి.

ఇప్పుడు లేచి నిలబడదాం. రెండు నిమిషాలు. నేను ఈ వేదిక దిగి దీనమ్మక్క పక్కన నిలబడతాను, ఆమె వద్దనకపోతే. నోరు మూసుకుని ఉండటం నాకు కొత్త కాదు. తొమ్మిదేళ్లు నా కోసం మూసుకున్నాను. ఈ రెండు నిమిషాలు ఏసమ్మ కోసం.

లేవండి.