వెనక సీటు బరువు

మధ్యాహ్నం, మెకానిక్ షెడ్డు. దూరప్రయాణాలకు వాడే మూడు చక్రాల మోటారుసైకిల్ ఒకటి జాకీల మీద లేచి ఉంది. పక్కన మెకానిక్, బండి యజమాని, ఆయన భార్య.

“వెనక షాక్ అబ్జార్బర్లు రెండూ చచ్చిపోయాయి సార్. ఆయిలంతా కక్కేశాయి, చూడండి.”

“నాకేం తేడా తెలీలేదే. నిన్న కూడా నడిపాను.”

“ముందు కూర్చునేవాళ్లకు తెలీదు సార్. వెనక సీటు సరిగ్గా ఇరుసు మీదుంటుంది. గుంతలో పడ్డ ప్రతి దెబ్బా అక్కడ కూర్చున్నవాళ్లకే. కావాలంటే అమ్మగారిని అడగండి.”

“ఆవిడనడక్కు. చిన్న రాయి తగిలినా ఆవిడకి భూకంపమే.”

“నేనేమీ అనలేదండీ.”

“అవును, పదకొండేళ్లుగా ఏమీ అనలేదు. గుంత వచ్చినప్పుడల్లా నా వీపు మీద గుద్దావు, అంతే.”

“గుద్దలేదు. పడిపోకుండా పట్టుకున్నాను.”

“పిడికిలితోనా?”

“సార్, సార్. ఏవి వేయమంటారు? గాలితో పనిచేసేవి ఉన్నాయి, ఉయ్యాల్లో కూర్చున్నట్టుంటుంది. మామూలువైతే కాస్త కుదుపు తప్పదు.”

“మామూలువి చాలు. సోమవారం ప్రయాణం, ఆలోగా బిగించెయ్.”

“ఆరొందల కిలోమీటర్లు సార్, నడుం పట్టేస్తుంది. అమ్మగారూ, ఫోన్లో మీరు గాలివే కావాలన్నారు కదా?”

“అన్నానా? అది పోయిన వారం మాట. ఆయన మామూలువి చాలంటున్నారుగా, అవే వెయ్యి బాబూ.”

“చూశావా, అర్థం చేసుకునే మనిషి.”

“పోనీ, సీటు మీద ఇంకో మెత్తయినా...”

“మెత్త కూడా వద్దు. మరీ సుఖంగా ఉంటే నిద్రొస్తుంది. కదండీ?”

“అదీ నిజమే. అవునూ, ఏంటివాళ అన్నిటికీ సరే అంటున్నావు? ఒంట్లో బాగానే ఉందా?”

“నిక్షేపంగా ఉంది. పొద్దున బయటికెళ్లి ఓ పని చూసుకొచ్చాను, అదీ బాగానే అయింది.”

“కూరగాయలకన్నావు.”

“అవీ తెచ్చాను.”

“మరి ఆ ఇంకో పనేంటి?”

“ముందు ఈ అబ్బాయికేం కావాలో చెప్పండి, పాపం చేతులు కట్టుకు నిలబడ్డాడు.”

“వెనక కూర్చునేవాళ్ల బరువు కావాలమ్మా. దాన్నిబట్టే స్ప్రింగు బిగించాలి.”

“అరవై రాసుకో.”

“అరవై కాదు బాబూ.”

“సరే, అరవై నాలుగు. మెకానిక్ దగ్గర సిగ్గెందుకు?”

“తొంభై ఆరు కిలోలు.”

“అమ్మగారూ, ఉన్నదున్నట్టు చెప్పకపోతే స్ప్రింగు సరిగ్గా కుదరదు.”

“ఉన్నదున్నట్టే చెప్తున్నాను. తొంభై ఆరు.”

“మతిపోయిందా నీకు? అది నా బరువు.”

“మీదేనండీ. పొద్దున ఈ బండికి డ్రైవింగ్ టెస్టు పాసయ్యాను. సోమవారం నడిపేది నేను.”