అవతలి పక్క బెంచీ

మన ఊరి కోర్టులో చాలా ఏళ్లు తీర్పులు చెప్పి, ఇప్పుడు తీరిగ్గా టమాటా మొక్కలకు నీళ్లు పోసుకుంటున్న సభాధ్యక్షులు జడ్జి ఆల్టన్ బ్రిడ్జర్స్ గారికి, మా న్యూ కేనన్ చర్చి సంఘకాపరి రెవరెండ్ క్లియోఫస్ టేట్ గారికి, క్వేకరు క్రైస్తవ సభ నుంచి వచ్చిన స్నేహితులకు, సంఘ పెద్దలకు, వెనక వంటగదిలో చికెన్ వేపుతూ ఒక చెవి ఇటు పడేసిన అక్కచెల్లెళ్లకు, వెర్నెట్టా గాస్కిన్స్ వందనాలు. ఇందాకటి నుంచి ఈ సన్మానంలో నా గురించి మీరు చెప్పిన మంచి మాటలు వింటుంటే, నన్ను పెట్టెలో పడుకోబెట్టాక చెప్పాల్సినవి ముందే చెప్పేస్తున్నారేమో అనిపించింది. (నవ్వులు) పోనీలెండి, అప్పుడైతే నాకు వినపడవు కదా.

కోర్టులో కూర్చునే ఈ పని నేనే మొదలుపెట్టానని అన్నారు. అది నిజం కాదు. ప్రతి సోమవారం మన నల్లవాళ్ల పిల్లల్ని సంకెళ్లతో జడ్జి ముందు నిలబెడుతున్నారు, వాళ్ల వెనక బెంచీలు ఖాళీగా ఉంటున్నాయి, వెళ్లి కూర్చుందాం రండని ఒక ఆదివారం రెవరెండుగారు అన్నారు. కూర్చోవడమేగా, అదెంత పని అనుకుని టోపీలు పెట్టుకుని బయల్దేరాం. మొదటిరోజే మన జడ్జిగారు ఒక కుర్రాణ్ని చూసి, వీడికి ఇంకో అవకాశం ఇవ్వాలి కదా అన్నారు. అంతే, మేమంతా ఒక్క గొంతుతో "ఆమెన్" అన్నాం. సిస్టర్ ఒడెస్సా అయితే చెయ్యెత్తి మరీ అంది. (నవ్వులు) జడ్జిగారు సుత్తితో బల్ల మీద కొట్టి మమ్మల్ని బయటికి పంపించేశారు. మా తప్పేముంది చెప్పండి? మా చర్చిలో మంచి మాటకు బదులు పలక్కపోతే, ఈ జనానికి ఒంట్లో బాలేదేమోనని పాస్టరుగారు కంగారుపడతారు.

మా వెనకే వరండాలోకి ఒక తెల్లావిడ వచ్చింది. ఇదిగో, ఈ లోయిస్ హిన్షాయే. వాళ్ల క్వేకరు సభవాళ్లు కూడా ఆ పని మీదే వచ్చారట. నోరు మూసుకుని కూర్చోవడం నేను నేర్పిస్తాను, మా ప్రార్థనకు రండి అంది. వెళ్లాం. అక్కడ పాట లేదు, ప్రసంగం లేదు. దేవుడు పురికొల్పితేనే ఒకరు లేచి ఒక మాట అంటారు, లేకపోతే గంటసేపు మౌనం. ఆ రోజు దేవుడు ఎవర్నీ పురికొల్పలేదు, ఒడెస్సా గురక తప్ప ఏమీ వినపడలేదు. (నవ్వులు) అయినా నేర్చుకున్నాం. తర్వాత వాళ్లకు మేమూ నేర్పాల్సొచ్చింది. బెయిలు కట్టలేక లోపలుండిపోయిన పిల్లల గురించి మన జిల్లాను నడిపే కౌంటీ బోర్డు ముందు మాట్లాడమని లోయిస్‌ను మైకు దగ్గరికి పంపిస్తే, ఆత్మ కదిలించాలని ఎదురుచూస్తూ నిలబడిపోయింది. ఇచ్చిన మూడు నిమిషాలూ అయిపోయి గంట కొట్టేశారు. లోయిస్, కోపం తెచ్చుకోకమ్మా. ఆలస్యం చేసింది దేవుడే, బోర్డు చైర్మను ఆగలేదు అంతే.

నవ్వుకున్నాం గానీ, ఆ బెంచీల మీద నవ్వు రాని సంగతులు చాలా చూశాం. మేం కూర్చుంటే బంట్రోతు వచ్చి, మీరు ఎవరి తాలూకు అని అడిగేవాడు. లోయిస్‌ను ఒక్కరోజూ అడగలేదు. అందుకే మేమొకరం, వాళ్లొకరు చొప్పున కలిసి కూర్చోవడం మొదలుపెట్టాం, ఇక ఎవర్ని అడగాలో అతనికి తెలియలేదు. జడ్జిగారూ, ఆ రోజుల్లో మీరు, నాకు మనుషుల రంగు కనిపించదు అనేవారు. మాకు కనిపించేది. ఒకటే తప్పుకు ఒక పిల్లాడు అమ్మ చెయ్యి పట్టుకుని ఇంటికెళ్లేవాడు, ఇంకొకడు గొలుసుతో లోపలికెళ్లేవాడు. ఒకరోజు మీరే నన్ను వరండాలో ఆపి, అక్కణ్నుంచి చూస్తే నేనేం చేస్తున్నట్టు కనిపిస్తోంది అని అడిగారు. చెప్పాను. మొహం ఎర్రబడింది గానీ చివరిదాకా విన్నారు. అలా అడిగిన జడ్జి నాకు ఇంకొకరు తగల్లేదు. చిన్నవయసులో జీవితాంతం శిక్ష పడ్డవాళ్లకు మళ్లీ విచారణ జరపాలని ఈ కరొలైనా ఎండల్లో బస్సెక్కి రాజధానికి వెళ్లినప్పుడు, మీరూ మాతో పాటే ఆ బస్సులో ఉన్నారు. చట్టం వచ్చింది.

ఇక అసలు సంగతికొస్తాను.

ఆ చట్టం కింద ఈ సోమవారం డ్వైట్ పెగ్రమ్ విచారణ ఉంది. కొత్తవాళ్లకు తెలియదేమో, నా కొడుకు మార్లన్‌ను కాల్చి చంపింది వాడే. అప్పుడు వాడికి పదహారేళ్లు. అదే ఏడాది అదే వయసున్న తెల్ల కుర్రాడొకడు మనిషిని చంపితే, ఎప్పటికైనా బయటికొచ్చేలా శిక్ష వేశారు. డ్వైట్‌కు మాత్రం చచ్చేదాకా లోపలే అన్నారు. నా కొడుకు మీద ప్రేమ ఎక్కువై అలా అనలేదు. ఈ చట్టం వాడికీ తలుపు తీస్తుందని బస్సెక్కినప్పుడే నాకు తెలుసు. తెలిసే ఎక్కాను.

అయితే ఈ సోమవారం మన బృందం కోర్టుకు వెళ్లకూడదని నా చాటున నిర్ణయించుకున్నారట. లోయిస్‌ను నిలదీస్తే, "వెర్నెట్టా, నీ కళ్లముందు వాడి వెనక ఎలా కూర్చుంటామే?" అంది. మీ ప్రేమకు దణ్ణం. కానీ నాకు ఒళ్లు మండింది.

నేను వాణ్ని క్షమించలేదు. రెవరెండుగారూ, తల దించుకోకండి. క్షమించమని మీరు చెప్పినప్పుడల్లా ఆమెన్ అంటున్నాను, ఇంటికెళ్లి మార్లన్ ఫొటో చూడగానే ఆ ఆమెన్ వెనక్కి తీసుకుంటున్నాను. కానీ బెంచీ మీద కూర్చోవడానికి క్షమించనక్కర్లేదు. చూసేవాళ్లున్నారని జడ్జికి తెలిస్తే చాలు. మనల్ని కోర్టుకు తీసుకెళ్లింది ఆ ఒక్క మాటే. నచ్చినవాళ్ల వెనకే కూర్చుంటే అది చుట్టరికం అవుతుంది గానీ న్యాయం కాదు.

అప్పటి విచారణకు మా పక్క బెంచీలన్నీ నిండిపోయాయి, చర్చి అంతా నా వెనకే ఉంది. అవతలి పక్క వాడి తల్లి ఎర్లీన్ ఒక్కతే. ఆవిడా చర్చికెళ్లే మనిషే, ఆ సంఘంవాళ్లు ఒక్కరూ రాలేదు. శిక్ష చదువుతుంటే పట్టుకోవడానికి ఒక చెయ్యి లేక, బెంచీ అంచు పట్టుకుంది. ఆ చెయ్యి నాకు ఇప్పటికీ కనిపిస్తుంది. ఎర్లీన్ కిందటేడు చనిపోయింది.

సోమవారం నేను వస్తాను. బృంద నాయకురాలిగా కాదు, మార్లన్ అమ్మగా ఇవతలి పక్క కూర్చుంటాను. వాణ్ని వదలమంటావా అని అడిగితే ఏం చెబుతానో నాకే తెలియదు. నా పక్కన మా చెల్లెలుంటుంది, అది చాలు. మీరందరూ అవతలి పక్కకు వెళ్లండి. అక్కడ కూర్చునే బలం నాకు లేదు, మీకుంది. లోయిస్, నువ్వు ఎర్లీన్ కూర్చున్న చోటే కూర్చో. ఒడెస్సా, జడ్జి ఎంత మంచి మాటన్నా నువ్వు నోరు విప్పకు.

మీరిచ్చిన ఈ ఊగే కుర్చీ చాలా బాగుంది. సోమవారం మాత్రం ఇది ఖాళీగా ఉంటుంది. ఆ రోజు ఇదొక్కటే ఖాళీగా ఉండాలి.

ఇన్నాళ్లు నా పక్కన కూర్చున్నందుకు మీ అందరికీ నా కృతజ్ఞతలు. సెలవు.