కోటు జేబులో దొరికిన వీధి

కోడంబాక్కం, 1956. ఆరోగ్యసామికీ లూర్దుమేరికీ పెళ్లయి ఇరవై అయిదేళ్లు. ఆదివారం పూజలో ఫాదర్ వాళ్లిద్దరినీ మళ్లీ పక్కపక్కన నిలబెట్టి దీవించబోతున్నాడు. అందుకని ఆమె శుక్రవారం సాయంత్రమే ట్రంకుపెట్టెలోంచి పెళ్లికోటు తీసి దులిపింది. దులపకుండా ఉంటే ఎంత బాగుండేదో అని ఆరోగ్యసామి అప్పటికే చాలాసార్లు అనుకున్నాడు.

“మళ్లీ అడగతా ఉండా. ఇది ఏ వీధి?”

“ఏదో వీధి. వీధులన్నీ ఒకటే మాదిరి ఉంటాయి.”

“ఏదో వీధి ఫోటోని ఎవురన్నా పెళ్లికోటు జేబులో పెట్టి కుట్టేస్తారా? కుట్టు కూడా నీదే. గోనెసంచి కుట్టినట్టు కుట్టినావు.”

“జేబు చిరిగింది, కుట్టినా.”

“ఫోటో లోపల పెట్టి కుట్టినావు.”

“అది లోపల ఉండిందని నాకేం తెలుసు? ఆ కాఫీ ఇట్టా తే మేరీ, ఆరిపోతా ఉండాది.”

“కాఫీ ఏడికీ పోదు. వీధి పేరు చెప్పు, కాఫీ తీసుకో.”

“సెరి. సౌకార్‌పేట. నేను అప్పుడు ఆడ తలుపులు చేసే కొట్లో పనిచేస్తా ఉంటి గదా. ఆ కొట్టు ముందర.”

“సౌకార్‌పేటలో ఇంత ఖాళీయా? ఆడ ఒక మనిషి పక్కకి తిరగాలంటే ఇంకో మనిషి జరగాల. ఈడ చూడు, ఆవు కాళ్లు చాపుకోని రోడ్డు నడిమధ్య పండుకోనుండాది.”

“ఆ కాలంలో సౌకార్‌పేట అట్టానే ఉండేది.”

“మా మేనత్త ఆడనే కాపరం చేసిందయ్యా. ఆ కాలంలో కూడా ఆడ ఆవులు నిలబడే నిద్రపోయేవి.”

“అట్టయితే... కోడంబాక్కం. అవును, ఈడనే. ఇప్పుడు జ్ఞాపకం వచ్చింది. అప్పుడంతా ఈడ తోపులు, గుంటలు. మన స్టేషన్ పక్కనే—”

“పైన తీగలు కనపడతా ఉండాయా?”

“తీగలా? ఎవురో గుడ్డలు ఆరేసేదానికి కట్టుకోనుంటారు.”

“రోడ్డు పొడుగూతా గుడ్డలు ఆరేస్తారా? అవి ట్రామ్ తీగలు. కింద పట్టాలు కూడా ఉండాయి. కోడంబాక్కానికి ట్రామ్ ఎప్పుడొచ్చింది? ఊళ్లో ట్రాములు నిలిపేసి మూడేండ్లయింది గాని, అవి ఏడ తిరిగినాయో నేనింకా మరిచిపోలా.”

“అట్టయితే అది అసలు వీధే కాదు.”

“ఏంది?”

“సినిమా సెట్టు. మా స్టూడియోలో మేం కట్టిన వీధి. ఆ గోడ ప్లైవుడ్డు. ఆ తీగలు సన్న తాడు. మొన్న నా చేతుల్తో ఒక కోటనే కట్టలా? నీకు చూపించినా గదా.”

“కోట కట్టినావు, సెరి. ఆ ఆవు కూడా ప్లైవుడ్డేనా?”

“ఆవుని బాడుగకి తెస్తారు.”

“మరి నీ మీసం?”

“మీసానికేం?”

“ఈ ఫోటోలో నీకు మీసం ఇంకా సరిగ్గా మొలవలా. నీ మీసం మొలిచే కాలానికి కోడంబాక్కంలో స్టూడియోలు ఏడుండాయయ్యా? నక్కలుండినాయి.”

“మేరీ, పొయ్యి మీద ఏదో మాడే వాసన వస్తా ఉండాది.”

“పొయ్యి ఇంకా ముట్టించలా.”

“పక్కింట్లోనేమో. పోయి చూసొస్తా.”

“కూర్చో. వీధి సంగతి పక్కన పెడదాం. ఈ పిల్ల ఎవురు?”

“ఏ పిల్ల?”

“ఏ పిల్లా? నువ్వు ఫోటోలో ఓరన ఉండావు. నీ తల సగం లేదు, ఎడమ చెయ్యి అసలే లేదు. ఈ పిల్ల నట్టనడిమధ్య నిలబడుండాది, కాలి కడియం కూడా తెగిపోలా. ఇది నీ ఫోటోనా, ఆ పిల్ల ఫోటోనా?”

“నా ఫోటోనే. నా జతగాడు కృష్ణన్ తీసినాడు. వాడికి ఫోటో తీసేది రాదు. మా కొట్టు సేటు కొడుకు కాడ డబ్బా కెమెరా అడిగి తెచ్చినాడు, ఎట్టా పట్టుకున్నాడో ఏమో.”

“తీసేది రానోడికి పిల్ల మాత్రం బాగా కుదిరింది.”

“ఆ పిల్ల సుమ్మా, ఊరికే అడ్డం వచ్చింది.”

“అడ్డం ఏడొచ్చింది? నీ ఎనక కొళాయి కాడ, సంకన బిందె పెట్టుకోని అటు తిరిగి నిలబడుండాది. మొకం కూడా కనపడలా. మొకం లేని పిల్లని జేబులో పెట్టి కుట్టుకున్నావు.”

“మేరీ—”

“ఒక మాట చెప్తా, ఇను. ఆదివారం మా అన్న రాయపురం నుంచి పిల్లాజెల్లాతో వస్తా ఉండాడు. వాళ్లందరి ముందర నువ్వు ఈ కోటు ఏసుకోని నా చెయ్యి పట్టుకోవాల. ఈ జేబులో ఇన్నేండ్లు ఇంకో పిల్ల ఉండిందని తెలిసినాక నేను ఆడ నిలబడను. అది ఏ వీధో, ఆ పిల్ల ఎవురో చెప్పు. లేదంటే నువ్వొక్కడివే పోయి దీవెన తీసుకో.”

“ఫాదర్‌కి చెప్పేసినాం. బిర్యానీకి మారిముత్తుకి కూడా చెప్పేసినాం.”

“మారిముత్తుకి నేను చెప్పుకుంటా.”

“చెప్తే మీ నాయన ఊరుకోడు మేరీ.”

“మా నాయన పోయి ఎన్నేండ్లయిందయ్యా?”

“పోయినా ఆయనంటే నాకు భయమే.”

“మా నాయనకీ ఈ ఫోటోకీ ఏంది సంబంధం?”

“పెండ్లిమాటలప్పుడు నన్ను కూర్చోబెట్టి ఆయనేమడిగినాడో జ్ఞాపకం ఉండాదా? నువ్వు తలుపు సందులో ఉంటివి.”

“ఎందుకు లేదు? ‘మా వీధిలో ఆడపిల్లలని చూస్తా నిలబడే ఎదవలకి నా బిడ్డని ఇయ్యను. నువ్వెప్పుడన్నా పురసవాక్కం వచ్చినావా’ అని అడిగినాడు.”

“నేనేం చెప్పినా?”

“‘పురసవాక్కం ఏ దిక్కున ఉండాదో కూడా నాకు తెల్దు పెద్దాయనా’ అన్నావు. మా నాయన మురిసిపోయినాడు. ఇట్టాంటి పిల్లోడు ఎతికినా దొరకడని ఊరంతా చెప్పుకున్నాడు.”

“అది... పూర్తిగా నిజం కాదు.”

“ఎంత నిజం?”

“కొంచెం కూడా కాదు. సెలవు దినం వస్తే చాలు, ట్రామ్ ఎక్కి వచ్చేస్తా ఉంటి.”

“ఏడికి?”

“ఈ ఫోటోలో ఉండే వీధికే. గోడ మీద కొమ్మ కనపడతా ఉండాది, చూడు. ఏం చెట్టది?”

“మునగ.”

“మీ అమ్మ మునగచెట్టు. ఆ గోడ మీ ఇంటి గోడ. ఇప్పుడు ఇల్లు పడగొట్టి జవుళి కొట్టు కట్టేసినారు, కొళాయి పీకేసినారు, పట్టాలు పీకేసినారు. అందుకే నీకు ఆనవాలు దొరకలా. నువ్వు పుట్టి పెరిగిన వీధి మేరీ ఇది.”

“మునగచెట్టు ఆ ఏడే పడిపోయింది. నీళ్లెక్కువై వేరు కుళ్లిపోయింది. పక్కింటి సెలీనానే తొట్టినీళ్లు మా చెట్టుకి ఇడస్తా ఉండాదని మా అమ్మ ఆమెని తిట్టని దినం లేదు.”

“ఇప్పుడు చెట్టు సంగతి ఎందుకే?”

“సెరి, ఇడిచేస్తి. అట్టయితే మా వీధి పిల్లే. ఎవురు? వల్లియా? వల్లికి జడ ఇంత పొడుగుండేది.”

“వల్లి కాదు.”

“శకుంతలా? అది అందరినీ చూసి పండ్లికిలించేది.”

“ఆమె ఎవురో కూడా నాకు తెల్దు. ఇను, చెప్పేస్తా. ఉపాయం కృష్ణన్‌ది. ఉత్తగా పిల్లని ఫోటో తీస్తే వీధంతా చేరి తంతారు, నువ్వు ముందర నిలబడు, నిన్ను తీసేవాడి మాదిరి ఆ పిల్లని తీసేస్తా అన్నాడు. అందుకే నా తల సగం పోయింది. పోతే పోయింది, నీ మొకమన్నా పడుంటే బాగుండేది. వాడు నొక్కే టయానికి నువ్వు అటు తిరిగిపోతివి.”

“ఎవురు తిరిగిపోయింది?”

“నువ్వు.”

“నేనా?”

“నువ్వేనే. నీ ఎనకపక్క నువ్వెప్పుడన్నా చూసుకున్నావా, నీకు తెలిసేదానికి? నేను నెలల తరబడి ట్రామ్ స్తంభం కాడ నిలబడి చూసింది ఆ జడనే. దాన్ని వెయ్యి మందిలో కనుక్కుంటా.”

“ఇన్నేండ్లు చెప్పకుండా ఎట్టా ఉండినావయ్యా?”

“మీ నాయన ఉండినన్ని దినాలు భయం. ఆయన పోయినాక సిగ్గు. నువ్వు నన్ను బుద్ధిమంతుడనుకుంటా ఉంటివి గదా... ఏందే, ఏడస్తా ఉండావా?”

“కాఫీ తాగు.”

“కోపమా? ఆదివారం నిలబడతావా, లేదా?”

“ఆ బిందె అడుగున సొట్ట చూసినావా? అది నా చేతిలోంచి జారి పడినప్పుడు అయిన సొట్ట. కుట్టు ఇప్పి ఫోటో బయటికి తీసిన నిమిషమే తెలిసిపోయింది నాకు, వీధి ఏదో, పిల్ల ఎవురో.”

“తెలిసీ ఇంతసేపు నన్ను ఎండలో పెట్టిన అప్పడం మాదిరి—”

“నీ నోటితో ఒక్కసారి ఇనాలనిపించింది. ఇరవై అయిదేండ్లు ఆగినా. ఇంకా ఎన్నేండ్లు ఆగేది?”

“ఆగు, ఆగు. ఇరవై అయిదేండ్లా? నేను ఆ స్తంభం కాడ నిలబడింది నీకు అప్పుడే తెలుసా?”

“కెమెరా చూసి నవ్వొచ్చింది. నవ్వు నీకు కనపడకూడదనే అటు తిరిగినా.”

“అబద్ధం. నువ్వొక్క దినమన్నా నా వైపు చూసి ఎరగవు.”

“మా ఇంటికి రెండు బిందెల నీళ్లు చాలయ్యా. సెలవు దినం వస్తే పొద్దుగూకేదాకా మోస్తానే ఉంటి. మిగిలిన నీళ్లంతా ఆ మునగచెట్టు మొదట్లోనే పోసినా. పావం, ఆ సెలీనా సుమ్మా తిట్లు తినింది.”