ఇనుము పాట

స్టీల్ ప్లాంటు మంటల ఎరుపు కమ్మిన సాయంత్రం, సెక్టర్ 7 క్వార్టర్ వరండాలో కూతురు తండ్రి ముందు ఫొటోలు పరిచింది. కరిగిన ఇనుము రంగు చూసి వేడి చెప్పడం కంప్యూటర్‌కు ఎలా నేర్పాలన్నదే ఆమె పరిశోధన.

"నాన్నా, ఈ ఇనుము వేడి ఎంతుంటుంది?"

"ఫొటో సూసి సెప్పలేనమ్మా."

"ఫర్నేస్ దగ్గర రోజూ చెప్తున్నావు కదా. థర్మామీటర్‌తో సరిగ్గా సరిపోతోంది."

"అక్కడ కళ్లు మూసుకుంటాను."

"ఏటి?"

"రెండేళ్లయింది, కళ్లకి మంచు పట్టినట్టుంది. ఇనుము పారినప్పుడు సన్నగా పాడతాది. ఆ పాట ఇని సెప్తన్నాను. తెలిస్తే డ్యూటీ నుంచి తీసేస్తారని ఎవరికీ సెప్పలేదు."

ఆయన రంగు చూసే వేడి చెప్తున్నాడనుకుని ఏడాదిగా తీసిన ఫొటోలన్నీ ఆమె ఒక్కొక్కటిగా దగ్గరికి తీసుకుంది. కోపం రాలేదు. ఆయన కళ్లకేసి చూస్తే దిగులేసింది.

"శుక్లాలై ఉంటాయి, ఆపరేషన్‌తో చూపొస్తుంది నాన్నా. రేపు ఆసుపత్రికి వెళ్దాం."

"మరి నీ సదువు?"

"రంగు బదులు పాటే నేర్పిస్తాను. టేపులో రికార్డు చేద్దాం. ఎలా ఉంటుందది?"

తండ్రి కళ్లు మూసుకుని, గొంతు సన్నం చేసి, చాలాసేపు కూనిరాగం తీశాడు.

"ఇది పద్నాలుగొందల యాభై డిగ్రీలు," అన్నాడు. "ఇంకా వేడెక్కితే ఎలాగుంటాదో ఇను."